మలుగుపాముకీ, అంగ్విల్లా దీవికీ ఒకే పేరు ఎలా వచ్చింది?

కిరణ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. వచ్చే వారం క్లాసులో మంచినీటి మలుగుపాముల మీద పది నిమిషాలు మాట్లాడాలి. ఈ చేపల ప్రజాతి పేరు అంగ్విల్లా. ఆ పేరు కొట్టి వెతికితే చేప కన్నా ముందు బీచ్‌లు, హోటళ్ళు వచ్చి పడ్డాయి. కరీబియన్ సముద్రంలో అదే పేరుతో బ్రిటన్ కింద ఉన్న చిన్న దీవి ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. ఇంక చేప సంగతి పక్కన పెట్టి రెండు రోజులుగా దీవి గురించే చదువుతున్నాను.

దీవి పేరు చేపకు పెట్టారా, చేప పేరు దీవికి పెట్టారా? అక్కడ మలుగుపాములు విపరీతంగా దొరికేవి కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒకచోట చదివాను. నమ్మొచ్చా? ఇంకో సంగతి. 1969లో బ్రిటన్ ఆ దీవి మీదికి పారాట్రూపర్లను పంపిందట. అప్పటికి అక్కడి జనాభా ఆరు వేలు. ఆరు వేల మంది కోసం సైన్యం ఎందుకు వెళ్ళిందో నాకు అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జువాలజీ మేష్టారు

కిరణ్ బాబూ, ముందు పేరు సంగతి. దీవి పేరు చేపకు పెట్టలేదు, చేపల శాస్త్రీయ నామం చూసి దీవికీ పెట్టలేదు. రెండూ ఒకే మాట నుంచి వేరువేరుగా వచ్చాయి. లాటిన్‌లో ‘అంగ్విస్’ అంటే పాము, ‘అంగ్విల్లా’ అంటే చిన్నపాము. రోమన్లు ఈ చేపను పిలిచిన పేరే అది. మనవాళ్ళు మాత్రం? చేప అని తెలిసీ మలుగుపాము అనే అన్నారు. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దీన్ని ‘మురేనా అంగ్విల్లా’ అని రాశాడు. ఆ తర్వాత దీనికి విడిగా అంగ్విల్లా అనే ప్రజాతి కట్టారు. అందుకే యూరప్ మలుగు పూర్తి పేరు ‘అంగ్విల్లా అంగ్విల్లా’. దీవిలో ఇంగ్లిష్‌వాళ్ళు కాపురం పెట్టింది 1650లో. అంటే ప్రజాతి పేరు కన్నా దీవి పేరే పాతది.

చేప గురించి నీ పది నిమిషాలకు కావలసింది చెప్తాను. ఈ ప్రజాతిలో జాతులు, ఉపజాతులు కలిపి 19. అట్లాంటిక్‌లో ఉన్నవి రెండే: యూరప్ మలుగు, అమెరికా మలుగు. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే వెన్నుపూసలు లెక్కపెట్టాలి. అమెరికా మలుగుకు సగటున 107 ఉంటే, యూరప్ మలుగుకు 114 పైన ఉంటాయి. నేను క్లాసులో ఎన్నో ఏళ్ళు చెప్పిన పాఠం ఇది. ఏడు పూసల తేడా పట్టుకోవడానికి మనుషులు దీపం ముందు కూర్చుని వేల మలుగు పిల్లలకు పూసలు లెక్కపెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ రెండూ పెరిగేది నదుల్లో, చెరువుల్లో. గుడ్లు పెట్టడానికి మాత్రం సముద్రానికి పోతాయి. సాల్మన్ చేప సముద్రంలో పెరిగి నదిలో గుడ్లు పెడుతుంది కదా, ఇది దానికి పూర్తిగా తలకిందులు. మలుగు పుట్టుక ఎవరికీ తెలియక, అవి బురదలోంచి వాటంతట అవే పుడతాయని అరిస్టాటిల్ నమ్మాడు. 1777లో మొండినీ అనే ఇటాలియన్ ఆడ మలుగు అండాశయం గుర్తించాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1876లో, కుర్రాడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ మగ మలుగు వృషణాల కోసం ట్రియెస్టెలో నాలుగు వందల మలుగులను కోసి చూశాడు. మనసు గురించి రాసిన ఫ్రాయిడే. ఆయన మొదటి పరిశోధన ఇదని చెప్తే మీ క్లాసు మొత్తం తల ఎత్తి వింటుంది.

పిల్లల సంగతి ఇంకా విచిత్రం. వేపాకంత పలచగా, అద్దంలా పారదర్శకంగా ఉండే ఒక చిన్న సముద్రపు చేపను 1856లో కౌప్ అనే శాస్త్రవేత్త కొత్త జాతి అనుకుని ‘లెప్టోసెఫాలస్ బ్రెవిరోస్ట్రిస్’ అని పేరు పెట్టాడు. 1896లో ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసీ, కలాండ్రుచో అది వేరే జాతి కాదు, మలుగు పిల్లేనని తేల్చారు. ఆ తర్వాత డెన్మార్క్‌కు చెందిన యొహానెస్ ష్మిట్ 1904 నుంచి 1922 దాకా అట్లాంటిక్‌లో వలలు వేస్తూ తిరిగాడు. ఎక్కడ పిల్ల చిన్నదిగా దొరికితే పుట్టినచోటు అటువైపు అన్నమాట. పడమరకు వెళ్ళేకొద్దీ పిల్లలు చిన్నవవుతూ వచ్చాయి. అలా వెళ్ళి వెళ్ళి అట్లాంటిక్‌లోనే ఒక భాగమైన సర్గాసో సముద్రం దగ్గర తేలాడు.

దీవి చరిత్ర నాకు అంతగా తెలియదు. శారద గారు ఆ వైపు చాలాకాలం ఉన్నారు, ఆవిడ చూస్తే చెప్తారు.

శారద

మేష్టారూ, నమస్కారం. కిరణ్, మా వారి ఉద్యోగం వల్ల పక్కనున్న సెయింట్ మార్టిన్ దీవిలో నాలుగేళ్ళు ఉన్నాం. మారిగో రేవు నుంచి అంగ్విల్లాలోని బ్లోయింగ్ పాయింట్‌కి ఫెర్రీలో అరగంట కూడా పట్టదు. నెలకు ఒకసారైనా వెళ్ళేదాన్ని.

ముందు పేరు సంగతి నేను కళ్ళారా చూసింది చెప్తాను. సెయింట్ మార్టిన్‌లో పిక్ పారడీ అనే శిఖరం ఉంది, 424 మీటర్లు. అక్కడ నిలబడి ఉత్తరం వైపు చూస్తే నీళ్ళ మీద సన్నగా, పొడుగ్గా ఒక గీత. కొండ లేదు, గుట్ట లేదు. అదే అంగ్విల్లా. పొడవు 26 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట అయిదు. ఎత్తైన చోటు కూడా వంద మీటర్లు లేదు. కాస్త వంకర తిరిగి పడుకున్న మలుగులాగే ఉంటుంది. ఆ మాట స్పానిష్‌లో, ఫ్రెంచ్‌లో, ఇటాలియన్‌లో దాదాపు ఒకేలా పలుకుతారు. ఓడలో వెళ్తూ ఎవరు చూసినా నోటికి ముందుగా వచ్చే పేరు అదే.

మలుగులు విపరీతంగా దొరికేవి అన్న మాట నమ్మకు. ఆ దీవిలో నది లేదు, వాగు లేదు. నేలంతా సున్నపురాయి, పైన పలచటి మట్టి. వాన పడితే నీళ్ళు నిలవవు, పారవు, రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. నాకు పరిచయమైన ఒక పెద్దావిడ ఇల్లు శాండీ గ్రౌండ్‌లో ఉండేది. వరండా నేలలో గుండ్రటి ఇనుప మూత చూసి డ్రైనేజీ అనుకున్నాను. ఆవిడ మూత తీసి, తాడు కట్టిన బకెట్ కిందికి వదిలారు. ఎక్కడో లోపల నీళ్ళ చప్పుడు. ఇంటికింద గదంత తొట్టి! పైకప్పు మీద పడ్డ వానంతా గొట్టాల్లోంచి అందులోకి దిగుతుంది. అక్కడ పాతకాలపు ఇళ్ళన్నిటికీ అలాంటి తొట్టి ఉంటుంది. ఆవిడ ఒక గ్లాసు ముంచి ఇచ్చారు. చల్లగా, కాస్త సున్నం వాసనతో ఉన్నాయి. తొట్టి తుడిచే రోజు ఇంట్లో పిల్లలందరూ చాకిరీ చేయాల్సిందేనట. మంచినీళ్ళంటే వాళ్ళకు అంత విలువ. అలాంటి నేల మీద మంచినీటి మలుగు ఎక్కడ పెరుగుతుంది?

ఐలాండ్ హార్బర్‌లో చేపలు పట్టేవాళ్ళను అడిగాను, ఇక్కడ మలుగు ఉందా అని. ఒకాయన నవ్వుతూ ఇనుప తీగతో అల్లిన చేపల బుట్ట చూపించారు. లోపల చేయంత లావున, పసుపు మచ్చలతో ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది, నోరు తెరుస్తూ మూస్తూ. మిగతా చేపల్ని అది అప్పటికే సగం తినేసింది. ఆయన బుట్ట దూరంగా పట్టుకుని కట్టెతో దాన్ని బయటికి నెట్టారు. అది మోరే, పగడపు దిబ్బల్లో ఉండేది. మేష్టారు చెప్పే అంగ్విల్లా కుటుంబం కాదు, వేరే. ఎప్పుడూ ఉప్పునీళ్ళలోనే ఉంటుంది.

ఇంగ్లిష్‌వాళ్ళు రాకముందు ఆ దీవికి అక్కడి మూలవాసుల భాషలో మల్లియుహానా అనే పేరు ఉండేది. ఐలాండ్ హార్బర్ దగ్గరే బిగ్ స్ప్రింగ్ అనే ఊట ఉంది. ఆ రాతి గోడల మీద వాళ్ళు చెక్కిన ముఖాలు ఇంకా కనిపిస్తాయి. రెండు చుక్కలు కళ్ళు, కింద ఒక గీత నోరు. నీళ్ళు అరుదైన చోట, నీళ్ళున్న చోటునే దేవుడి చోటుగా పెట్టుకున్నారు. షోల్ బే దగ్గర ఫౌంటెన్ గుహలో ఇంకా పెద్ద శిల్పం ఉంది. స్టాలగ్మైట్‌నే, అంటే గుహ నేల మీంచి పైకి పెరిగిన సున్నపురాయి స్తంభాన్నే, చెక్కి తమ దేవుడి రూపం చేశారు. గుహలోకి మామూలు జనాన్ని వెళ్ళనివ్వరు, కాబట్టి దాని ఫొటో మాత్రమే చూశాను.

1650 తర్వాత కథ క్లుప్తంగా: సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్ళు పొగాకు వేశారు, పత్తి వేశారు, తర్వాత చెరకు వేశారు. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి పని చేయించారు. ఫ్రెంచివాళ్ళు 1745లోనూ 1796లోనూ దండెత్తి వచ్చి ఓడిపోయారు. వానలు లేక తోటలు నిలవలేదు. 1834లో బానిసత్వం పోయాక భూములున్న తెల్లవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు చిన్న చిన్న పొలం చెక్కలు సొంతం చేసుకుని సాగు చేసుకున్నారు. నేల తిండి పెట్టకపోతే మగవాళ్ళు తెరచాప పడవల్లో డొమినికన్ రిపబ్లిక్‌కు చెరకు కొట్టడానికి వెళ్ళేవారు. పని అయిపోయాక ఇంటికి ఎవరు ముందు చేరతారని పడవలు పందెం వేసుకునేవి. ఆ పడవ పందేలే ఇప్పుడు వాళ్ళ జాతీయ క్రీడ.

శాండీ గ్రౌండ్ వెనక పెద్ద ఉప్పు మడుగు ఉంది. ఆ పెద్దావిడ చిన్నప్పుడు అందులో దిగి ఉప్పు ఏరారు. పొద్దున్నే, ఎండ ముదరకముందే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అడుగున గట్టిపడ్డ పెచ్చును చేత్తో విరిచి బుట్టలో వేసేవారట. చేతుల మీద చిన్న కోత ఉన్నా రోజంతా మంట. ఆవిడ నాకు అరచేతులు చూపించారు. ఆ ఉప్పు ట్రినిడాడ్ దాకా పోయేది. 1980ల్లో ఆ పని ఆగిపోయింది.

ఇక నువ్వు అడిగిన 1969. దానికి వేరు 1825లో ఉంది. ఆ ఏడు అంగ్విల్లాను పరిపాలన కోసం సెయింట్ కిట్స్‌కు కట్టేశారు. మధ్యలో వంద కిలోమీటర్లకు పైగా సముద్రం, రెండు వేరే దీవులు. మమ్మల్ని సెయింట్ కిట్స్ కింద పెట్టొద్దు, నేరుగా మీరే పాలించండి అని 1872లోనే అంగ్విల్లా వాళ్ళు బ్రిటన్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. 1967 నాటికి ఆ దీవిలో కరెంటు లేదు, ఇళ్ళకు నీళ్ళ గొట్టాలు లేవు, తారురోడ్డు లేదు. వచ్చే డబ్బంతా సెయింట్ కిట్స్‌లోనే ఆగిపోతోందని వాళ్ళ బాధ.

1967 ఫిబ్రవరి 27న బ్రిటన్ సెయింట్ కిట్స్, నెవిస్, అంగ్విల్లా మూడింటినీ కలిపి స్వయంపాలన ఇచ్చి, పగ్గాలు సెయింట్ కిట్స్ ప్రధాని రాబర్ట్ బ్రాడ్‌షా చేతిలో పెట్టింది. మే 29న జనం మైదానంలో గుమికూడి చేతులెత్తి తీర్మానం చేశారు. మరునాడు సెయింట్ కిట్స్ పోలీసుల్ని విమానం ఎక్కించి పంపేశారు. మళ్ళీ ఎవరూ దిగకుండా రన్‌వే మీద డ్రమ్ములు, బండ్లు అడ్డం పెట్టారు. మే 30 ఇప్పటికీ వాళ్ళకు అంగ్విల్లా దినం. జులై 11న ఓటింగ్ పెట్టారు. విడిపోవాలన్నవాళ్ళు 1,813 మంది. వద్దన్నవాళ్ళు అయిదుగురు.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకో. వాళ్ళు తిరగబడింది బ్రిటన్ మీద కాదు. మమ్మల్ని మళ్ళీ మీ కిందకే తీసుకోండి అని అడిగారు. సామ్రాజ్యంలోంచి బయటికి పోవాలని అందరూ పోరాడుతున్న కాలంలో వీళ్ళు లోపలికి రావాలని పోరాడారు. బ్రిటన్ వినలేదు. రెండేళ్ళు తిరిగినా దారి కనపడక 1969 ఫిబ్రవరిలో మళ్ళీ ఓటు వేసి, 1,739కి 4 తేడాతో రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. నాయకుడు రోనాల్డ్ వెబ్‌స్టర్. మార్చి 11న బ్రిటన్ నుంచి విట్లాక్ అనే జూనియర్ మంత్రి వచ్చారు. వచ్చిన కొద్ది గంటల్లోనే ఆయన్ని తిరిగి పంపించేశారు. అది లండన్‌కు అవమానం అనిపించింది. మార్చి 19న, ఇంకా తెల్లవారకముందే, రెండు యుద్ధనౌకల నుంచి మూడు వందల మందికి పైగా పారాట్రూపర్లు దిగారు. వెనకే లండన్ పోలీసులు. ఒక్క తూటా కూడా పేలలేదు. ఒడ్డున వాళ్ళకు ఎదురుపడ్డవాళ్ళలో విలేకరులే ఎక్కువ.

బయటి పత్రికలు దాన్ని పగలబడి నవ్వే కథలా రాశాయి. ఇప్పటికీ ఎక్కడ చదివినా అలాగే ఉంటుంది. నాకు అది చదివినప్పుడల్లా ఆ పెద్దావిడ గుర్తొస్తారు. ఆ పొద్దున ఆవిడ పదిహేనేళ్ళ పిల్ల. అమ్మ పిల్లలందర్నీ లేపి, చెప్పులు వేయించి, ఇంటి వెనక గోడ పక్కన కూర్చోబెట్టిందట. హెలికాప్టర్ చప్పుడు వాళ్ళు అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. తమ్ముడు చెవులు మూసుకుని ఏడుస్తుంటే అమ్మ వాడి నోటి మీద చెయ్యి పెట్టింది. పెద్దన్నయ్య ఎక్కడున్నాడో మధ్యాహ్నం దాకా తెలియదు. ఎవరూ చనిపోలేదు కాబట్టి అది నవ్వులాట అయిపోయిందా అని ఆవిడ నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

చివరికి వాళ్ళు కోరిందే జరిగింది. సైనిక ఇంజనీర్లు రోడ్లు వేశారు. 1971లో చట్టం మార్చి బ్రిటన్ నేరుగా పాలించడం మొదలుపెట్టింది. 1980 డిసెంబర్ 19న సెయింట్ కిట్స్ నుంచి పూర్తిగా విడిపోయింది. వెబ్‌స్టర్ 2016లో పోయారు. ఆయన పుట్టినరోజు మార్చి 2న అక్కడ సెలవు.

కిరణ్

శారద గారూ, నిన్న రాత్రి మీ జవాబు మూడుసార్లు చదివాను. మేష్టారూ, మీకు కూడా చాలా థాంక్స్. ఇప్పుడు నాకు ఇంకో టెన్షన్ పట్టుకుంది. పది నిమిషాల్లో ఇదంతా ఎలా చెప్పాలి? దీవి సంగతి వదిలేయాలని లేదు.

ఒక చిన్న అనుమానం. మ్యాప్‌లో చూస్తే సర్గాసో సముద్రం ఈ దీవికి ఉత్తరంగానే ఉంది. అంటే మలుగులు పుట్టేది అంగ్విల్లాకు దగ్గరలోనేనా?

స్టాంపుల ప్రసాద్

నేను స్టాంపులు పోగుచేసేవాణ్ణి, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. 1967 సెప్టెంబర్‌లో అంగ్విల్లా వాళ్ళు తమ దగ్గర మిగిలిన సెయింట్ కిట్స్ స్టాంపుల మీదే నల్ల అక్షరాలతో ‘స్వతంత్ర అంగ్విల్లా’ అని ఇంగ్లిష్‌లో అచ్చు కొట్టి వాడారు. తక్కువ ఉన్నాయి కాబట్టి ఇప్పుడు వాటి ధర ఎక్కువ. నా దగ్గర ఒకటే ఉంది, తక్కువ విలువది. భూతద్దం పెట్టి చూస్తే పాత దేశం పేరు మీద కొత్త మాట ఎక్కి కూర్చుని ఉంటుంది. కింద ఉన్న పేరు చెరిగిపోలేదు, చదవొచ్చు. ఆ ఏడాది వాళ్ళకు ఉన్నది అంతే కదా అనిపిస్తుంది, చేతిలో ఉన్నదాని మీదే తమ పేరు రాసుకోవడం. ఆ తర్వాత సొంత బొమ్మలతో వేశారు. సోంబ్రెరో అనే చిన్న దీవి మీది లైట్‌హౌస్ కూడా అందులో ఉంది. ఆ దీవి కూడా అంగ్విల్లాదే.

కిరణ్ గారూ, మీకు పనికొచ్చే సంగతి ఒకటి. వాళ్ళు జెండా తయారు చేసుకున్నప్పుడు దాని మీద మలుగుని పెట్టుకోలేదు. తెల్లటి గుడ్డ, అడుగున నీలిపట్టీ, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న మూడు నారింజరంగు డాల్ఫిన్లు. ఐకమత్యానికి, బలానికి, ఓర్పుకు గుర్తు. 1990లో పెట్టుకున్న ఇప్పటి అధికారిక జెండాలో కూడా మూలన బ్రిటన్ జెండా, పక్కన ఆ మూడు డాల్ఫిన్లే.

జువాలజీ మేష్టారు

కిరణ్ బాబూ, నీ అనుమానం సరైనదే. ఆ దీవి నుంచి ఉత్తరంగా కొన్ని వందల కిలోమీటర్లు పోతే మలుగులు గుడ్లు పెట్టే ప్రాంతం మొదలవుతుంది. సర్గాసోకు గట్టు లేదు. నాలుగు వైపులా సముద్రపు ప్రవాహాలే దాని హద్దులు, మధ్యలో తేలే సర్గాసమ్ అనే నాచు. అక్కడ పుట్టిన పిల్ల ప్రవాహంలో పడి కొట్టుకుపోతుంది. తీరం దగ్గరికి వచ్చాక ఆకు ఆకారం పోయి సన్నగా, పారదర్శకంగా అయితే దాన్ని గాజు మలుగు అంటారు. నది నీళ్ళ వాసన పట్టుకుని పైకి ఎక్కుతుంది. వాసన పట్టుకుని అన్నది అలంకారం కాదు, నిజంగానే వాటికి మంచినీళ్ళ వాసన తెలుస్తుంది. ప్యూర్టో రికో, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ నదుల్లోకి అమెరికా మలుగు పిల్లలు అలాగే చేరతాయి. అంగ్విల్లా పక్కగా కొట్టుకుపోయే పిల్లకు మాత్రం అటు తిరగమని పిలిచే నది వాసన ఏదీ రాదు.

నదిలో చేరాక పసుపు రంగు తిరిగి ఏళ్ళ తరబడి, కొన్ని ఇరవై ఏళ్ళు కూడా, అక్కడే ఉంటుంది. ఒకరోజు ఒళ్ళు వెండిరంగుకు మారుతుంది. కళ్ళు పెద్దవవుతాయి, పేగు కుంచించుకుపోతుంది, తిండి మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే వేల కిలోమీటర్లు ఈది, పుట్టిన చోటుకు పోయి, గుడ్లు పెట్టి చనిపోతుంది. అమెరికా మలుగుకు ట్యాగ్ కట్టి అది సర్గాసో చేరడం చూశామని 2015లో ప్రకటించారు, యూరప్ మలుగు విషయంలో 2022లో. కానీ సర్గాసోలో గుడ్లు పెడుతున్న మలుగును ఎవరూ కళ్ళతో చూడలేదు, అక్కడ దాని గుడ్డు ఒక్కటీ దొరకలేదు. జపాన్ మలుగు గుడ్లు మాత్రం 2009లో పసిఫిక్‌లో, మరియానా దీవుల వైపు దొరికాయి.

ఇది తప్పకుండా చెప్పు: యూరప్ మలుగు ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న చేపల్లో ఒకటి. ఆనకట్టలు దాని దారి మూసేశాయి. పెంపకం చెరువుల్లో ఇంతవరకు వ్యాపారానికి సరిపడా గుడ్ల నుంచి పిల్లలు తీయలేకపోయారు, అందుకని గాజు మలుగులను సముద్రం ఒడ్డునే వలేసి పట్టి పెంచుతారు. యూరోపియన్ యూనియన్ 2010 నుంచి బయటికి ఎగుమతి ఆపేసినా దొంగచాటుగా సూట్‌కేసుల్లో పోతూనే ఉన్నాయి. యూరప్‌లో గట్టిపడేకొద్దీ కొనేవాళ్ళు అమెరికా మలుగు మీద పడ్డారు. హైతీలో రాత్రుళ్ళు నది మొగల దగ్గర లాంతర్లు పెట్టుకుని జనం వాటిని పట్టేది అందుకే.

శారద

మేష్టారూ, సర్గాసమ్ అన్నారు కదా. 2011 నుంచి ఆ నాచు గుట్టలు గుట్టలుగా అంగ్విల్లా బీచ్‌ల మీదికి కొట్టుకొస్తోంది. అయితే అది సర్గాసో సముద్రం నుంచి వచ్చేది కాదట, ఇంకా దక్షిణాన అట్లాంటిక్‌లో కొత్తగా పెరుగుతున్న నాచు పట్టీ నుంచి వస్తోంది. ఒడ్డున కుళ్ళితే కుళ్ళిన గుడ్ల వాసన. నా వెండి పట్టీలు నల్లబడ్డాయి. పొద్దున్నే ఆడవాళ్ళు, మగవాళ్ళు పారలతో ఎత్తి లారీల్లో వేసేవాళ్ళు. ఒకసారి నేనూ పార పట్టాను. తడి నాచు ఎంత బరువో అప్పుడు తెలిసింది.

కిరణ్, ఇప్పుడు ఆ దీవికి డబ్బు వచ్చేది టూరిస్టుల నుంచి, ఇంకా ఇంటర్నెట్ పేర్ల నుంచి. వెబ్‌సైట్ పేర్ల చివర ఏఐ అని ఉంటుంది చూడు, ఆ రెండక్షరాలు అంగ్విల్లావే. కృత్రిమ మేధ కంపెనీలన్నీ ఆ పేరు కోసం ఎగబడితే 2023లోనే ప్రభుత్వానికి సుమారు 3.2 కోట్ల అమెరికన్ డాలర్లు వచ్చాయి. 2017లో ఇర్మా తుపాను ఇళ్ళ కప్పులు, రేవు, ఆస్పత్రి అన్నిటినీ దెబ్బ కొట్టింది కదా, అలాంటి దీవికి అది చిన్న డబ్బు కాదు.

నీ పది నిమిషాలకు నాకు తోచింది: మ్యాప్ చూపించి మొదలుపెట్టు. ముందు సన్నటి ఆ దీవిని చూపించు, ఇక్కడ మలుగు ఉంటుందా అని క్లాసుని అడుగు. అందరూ ఉంటుందనే అంటారు. అప్పుడు నది లేని సంగతి చెప్పి, వేలు ఉత్తరానికి జరుపు.

ప్రసాద్ గారూ, మీ స్టాంపు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టగలరా? ఆ పెద్దావిడకు పంపిస్తాను. ఉత్తరాలు ఆవిడే పోస్టాఫీసుకు తీసుకెళ్ళేవారట ఆ రోజుల్లో.

స్టాంపుల ప్రసాద్

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే పెడతానండి. వెలుతురులో తీస్తే రెండు పేర్లూ కనిపిస్తాయి.